సమాధుల పండుగ నాడు రెండు సంఘాల ఇల్లు కలిసి ప్రార్థన చేసుకోవాలంటే

మీ ఇంట్లో ఒక వైపు బాప్టిస్టులు, ఇంకో వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళు ఉంటే, చనిపోయినవారిని తలుచుకునే సమాధుల పండుగ, నవంబరు 2, దగ్గరపడే కొద్దీ ఇంట్లో మాటలు ఎలా తగ్గిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సమాధి దగ్గరికి అందరూ రావాల్సిందే. వచ్చాక ఏం చెయ్యాలన్నదే తగువు.

మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లె. కెనడా మిషనరీల కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం మాది. అత్తిల్లు విజయనగరం, మూడు తరాలుగా ఆర్‌సీఎం. అమ్మ చివరి నాలుగేళ్ళు నా దగ్గరే ఉంది, నా ఇంట్లోనే కన్నుమూసింది, విజయనగరంలోనే మట్టి చేశాం. ఆ యేడు సమాధుల పండుగకి అన్నయ్య వాళ్ళు కూడా వచ్చారు. మా ఆయన అలవాటు కొద్దీ జపమాల తీసి మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం మొదలెట్టారు. రెండోసారి చెప్పేసరికి అన్నయ్య, "చచ్చిపోయినోళ్ళకి ప్రార్థనేటి బావా? మా అమ్మ ఎక్కడుందో మాకు తెలుసు" అని వెళ్ళి వేపచెట్టు కింద అటు తిరిగి నిలబడ్డాడు. మా ఆయన గొంతు ఆగిపోయింది. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతే మళ్ళీ ఎవరూ వెలిగించలేదు. ఇంటికొచ్చాక వండిన అన్నం అలాగే ఉండిపోయింది. అమ్మ బతికుంటే ఇద్దరినీ చెరో పక్కా కూర్చోబెట్టి వడ్డించేది.

తర్వాత యేడు నుంచి పద్ధతి మార్చుకున్నాం. ఒక్కో యేడూ ఒక్కో తప్పు దిద్దుకుంటూ వచ్చాం. మీరు మాలా ఇన్నేళ్ళు తీసుకోకూడదని రాస్తున్నాను.

ముందు ఎవరి నమ్మకం ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

ఈ పని సమాధి దగ్గర కుదరదు, ఇంట్లోనే, ముందే చేసుకోవాలి. ఎక్కువ గొడవలు అవతలివాళ్ళు నమ్మేదాని మీద కావు. వాళ్ళు నమ్ముతున్నారని మనం అనుకునేదాని మీదే జరుగుతాయి.

బాప్టిస్టు మనసు ఇది. మనిషి రక్షణ పొందేది కృపవల్ల, విశ్వాసం ద్వారా. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8వ వచనం మా అమ్మకి నిద్రలో అడిగినా వచ్చేది. క్రీస్తు సిలువ మీద చేసింది పూర్తయిన పని, దానికి మనం కలిపేదేమీ లేదు. విశ్వాసి కన్నుమూసిన క్షణమే ప్రభువు దగ్గర ఉంటాడు. పక్క సిలువ మీద ఉన్న దొంగతో యేసు "నేడు" నాతో పరదైసులో ఉంటావు అన్నాడు, రేపో, కొన్నాళ్ళకో అనలేదు. కాబట్టి చనిపోయినవారి కోసం అడగడమంటే ఆ పని ఇంకా పూర్తి కాలేదని అన్నట్టే. అన్నయ్యని నొప్పించింది ఇదే. జపమాల చూసి కోపం రాలేదు వాడికి. తల్లి రక్షణ మీద అనుమానం పెట్టినట్టు వినిపించింది.

ఇప్పుడు ఆర్‌సీఎం మనసు. చాలామంది బాప్టిస్టులు ఉత్తరించు స్థలం అంటే నరకానికి చిన్న తమ్ముడనో, పాపం చేసినవాడికి ఇచ్చే రెండో అవకాశమనో అనుకుంటారు. రెండూ కాదు. కతోలిక బోధ ప్రకారం మనిషి గతి మరణంతోనే తేలిపోతుంది, తర్వాత మారదు. ఉత్తరించు స్థలంలో ఉన్నవారంతా రక్షణ పొందినవారే, వాళ్ళలో ఒక్కరు కూడా తప్పిపోరు. దేవుణ్ణి ముఖాముఖి చూసే ముందు మిగిలిన మురికి కడుక్కోవడం అది. పెళ్ళింటి గుమ్మం దగ్గరికి వచ్చేశాక, లోపలికి అడుగుపెట్టే ముందు కాళ్ళు కడుక్కున్నట్టు అని మా అత్తయ్య చెప్పేది. పిలుపు అందింది, తలుపు తెరిచే ఉంది, కాళ్ళకి మట్టి ఉందంతే. ఆ సమయంలో మన ప్రార్థన వాళ్ళకి తోడు అని వీళ్ళ నమ్మకం. ఆ కడగడం కూడా క్రీస్తు కృపే, మన గొప్ప ఏమీ కాదు.

నాకు ఈ సంగతి పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకి గానీ అర్థం కాలేదు. అన్నాళ్ళూ అత్తయ్య పక్కన కూర్చుని తల వంచుకుని ఊరుకునేదాన్ని గానీ ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

పునీతుల (సెయింట్ల) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ఆర్‌సీఎం వాళ్ళు మరియమ్మని, పునీతుల్ని ఆరాధించరు. మంగళవార్త జపంలో చివర ఏమడుగుతారో నెమ్మదిగా వినండి: "మా కొరకు ప్రార్థించండి". అంతే. మీరు చర్చిలో పక్కనున్న అక్కతో "మా అబ్బాయి పరీక్ష కోసం ప్రార్థన చెయ్యి" అంటారు కదా, ఆ మాటే పరలోకంలో ఉన్నవారితో అంటున్నారు. దీనికి బాప్టిస్టు జవాబు కూడా బలమైనదే: దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో ఉంది, పైగా చనిపోయినవారు మన మాట వింటారని బైబిలు ఎక్కడా చెప్పదు. దానికి ఆర్‌సీఎం వాళ్ళు ప్రకటన గ్రంథం 5వ అధ్యాయం చూపిస్తారు, పరలోకంలో పెద్దలు బంగారు పాత్రల్లో పరిశుద్ధుల ప్రార్థనలు పట్టుకున్న చోటు. ఈ వాదన మీ ఇంట్లో తేలదు. తేల్చాలని కూర్చోకండి. అవతలివాళ్ళు ఆ మాట ఎందుకంటున్నారో తెలిస్తే చాలు.

చనిపోయినవారి కోసం ప్రార్థనకి ఆధారమెక్కడ అని బాప్టిస్టులు అడిగితే ఆర్‌సీఎం వాళ్ళు మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చూపిస్తారు. యుద్ధంలో పడిపోయిన తనవాళ్ళ పాపం కోసం యూదా మక్కబీ వెండి నాణేలు పోగుచేసి బలి అర్పించమని యెరూషలేముకి పంపిన సందర్భం అది. బాప్టిస్టు బైబిల్లో ఆ పుస్తకం ఉండదు. వాళ్ళది 66 పుస్తకాల బైబిలు, ఆర్‌సీఎం వాళ్ళది 73. "మీ బైబిల్లో లేదు" అని ఒకరు, "మీరు తీసేశారు" అని ఒకరు మొదలెడితే ఆ సాయంత్రం పోయినట్టే. కాబట్టి కలిసి చేసే ప్రార్థనలో ఆ అధ్యాయం చదవకండి. ఆర్‌సీఎం వాళ్ళు విడిగా ఇంట్లో చదువుకోవచ్చు.

ఇంకొకటి, డబ్బు. 1517లో ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ గొంతెత్తింది పాపశిక్ష తగ్గింపు పత్రాలను డబ్బుకు అమ్మడం మీద. ఐదు వందల యేళ్ళు దాటినా మన ఇళ్ళల్లో ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. మా ఆయన మా అమ్మ పేరున గుడిలో పూజ (ఫాదర్ గారు చేసే బలిపూజ) చెప్పించి కానుక ఇస్తే, అన్నయ్యకి అది టిక్కెట్టు కొన్నట్టు కనిపించింది. ఆ కానుక పూజకి ధర కాదు, ఫాదర్ గారి పోషణకి, గుడి అవసరాలకి ఇచ్చేది. చేతిలో లేనివాళ్ళు అడిగినా ఫాదర్ గారు పూజ చెప్పాలనే శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం గట్టిగా కోరుతుంది. ఈ మాట మా ఆయనే నోరు తెరిచి అన్నయ్యకి చెప్పాల్సి వచ్చింది. నేను చెబితే నమ్మలేదు.

రక్షణ దగ్గర రెండు వైపులా అనుకున్నంత దూరం లేదని కూడా చెప్పుకోండి. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్య వాళ్ళు, కతోలికులు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. దేవుడు మనల్ని అంగీకరించేది కేవలం కృపవల్ల, క్రీస్తు రక్షణకార్యం మీది విశ్వాసంతో, మన యోగ్యత చూసి కాదు అన్నది అందులో ఇద్దరూ కలిసి చెప్పిన మాట. బాప్టిస్టులు ఆ సంతకాల్లో లేరు, నిజమే. కానీ సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ చుట్టాలున్న ఇళ్ళు మనకి చాలా ఉన్నాయి. వాళ్ళలో ఎవరైనా పెద్దవాళ్ళుంటే ఈ సంగతి వాళ్ళ చేతే చెప్పించండి. ఇద్దరి మధ్య వాళ్ళు బాగా పనికొస్తారు.

వారం ముందు ఒక్క ప్రశ్న అడగండి

పండుగకి వారం ముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే ఎవరి పక్షం వాళ్ళు పట్టుకుంటారు. ఫోనులో అయినా పర్లేదు. అడగాల్సింది ఇది: "సమాధి దగ్గర ఏ మాటకి నువ్వు మనస్ఫూర్తిగా ఆమెన్ అనగలవు? ఏ మాట వినడానికి అభ్యంతరం లేదు గానీ నువ్వు అనలేవు? ఏ మాట వింటే అక్కడ నిలబడలేవు?"

మూడూ విడిగా అడగాలి. మూడో ప్రశ్నకి జవాబు మీరు భయపడినంత పెద్దగా ఉండదు. అన్నయ్యని అడిగితే, జపమాల చెబుతుంటే పక్కన నిలబడతానని, "అమ్మ ఆత్మకి శాంతి కలగాలి" అన్న మాట మాత్రం వినలేనని అన్నాడు. శాంతి కలగాలి అంటే ఇప్పుడు లేదనే కదా అర్థం అని వాడి బాధ. మా ఆయన్ని అడిగితే, ఎవరేం చేసినా ఫర్వాలేదుగానీ కొవ్వొత్తి వెలిగించి కనీసం ఒక్క జపం చెప్పకుండా రాలేనన్నారు. అంటే ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క వాక్యం. దానికే యేడాదంతా మాట్లాడుకోలేదు.

ఆ వాక్యం బదులు మేమిప్పుడు "అమ్మని నీ చేతుల్లో ఉంచుతున్నాం ప్రభువా" అంటున్నాం. వాడు దాన్ని కృతజ్ఞతగా అంటాడు, ఈయన విన్నపంగా అంటారు. ఆ మాట ఇద్దరిదీ.

సమాధి పని

ఇది ముందు రోజు, అంటే సకల పునీతుల పండుగ నాటి సాయంత్రం చేసుకోండి. తుఫాన్ల కాలం కాబట్టి నేల తడిగా ఉంటుంది, రాళ్ళ కింద పాములుంటాయి. పిల్లల్ని ముందు పంపకుండా కర్రతో నేల తట్టుకుంటూ వెళ్ళండి. వయ్యారిభామ మొక్కని ఉత్త చేతులతో పీకకండి, దురదలొస్తాయి. సున్నం రాత్రే నానబెట్టి, కొంచెం జిగురు కలిపి వెయ్యండి, ముట్టుకున్నా చేతికంటదు. పేరు చెక్కిన అక్షరాల్లో సున్నం దిగితే తడిగుడ్డతో అప్పుడే తుడిచెయ్యాలి, ఎండితే రాదు.

ఈ పనికి రెండు వైపుల వాళ్ళనీ పిలవండి. ప్రార్థన దగ్గర రాని కలయిక ఇక్కడ వస్తుంది. రెండో యేడు అన్నయ్య పార పట్టాడు, మా ఆయన గంపలో మట్టి ఎత్తారు. "అంచు ఇంకొంచెం లేపు బావా, వానకి కోసుకుపోతాది" అన్నాడు అన్నయ్య. యేడాది తర్వాత వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అది.

కొవ్వొత్తుల కోసం కొబ్బరిచిప్పలు దాచి ఉంచుకోండి. సగం వరకూ ఇసక పోసి, కొవ్వొత్తిని లోపలికి దిగేలా గుచ్చితే చిప్ప అంచు గాలిని ఆపుతుంది. కొవ్వొత్తి చిప్ప కన్నా పొడుగుంటే విరిచెయ్యండి. మొదటి యేడు ఆరిపోయినవి గుర్తుండి మా చిన్నమ్మాయి కనిపెట్టిన ఉపాయం ఇది.

ప్రార్థన ఏ వరసలో

సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య మొదలుపెట్టండి, ఈ రోజుల్లో చీకటి తొందరగా పడుతుంది. మొత్తం అరగంట దాటనివ్వకండి. ఫాదర్ గారు సమాధుల మీద తీర్థం చల్లడానికి వచ్చే వేళ ముందే కనుక్కుని, మీ ప్రార్థన దానికి ముందో తర్వాతో పెట్టుకోండి.

మొదట నిశ్శబ్దంగా నిలబడండి, ఒక నిమిషం. తర్వాత ఇద్దరికీ వచ్చిన పాట ఒకటి, రెండు చరణాలు చాలు. పాట ఎంచే పని ఇంట్లో ఆడవాళ్ళకి వదిలెయ్యండి. పెళ్ళిళ్ళకీ, ఆదరణ కూడికలకీ రెండు వైపులా తిరిగేది వాళ్ళే, ఏ పాట రెండు చర్చిల్లోనూ పాడతారో వాళ్ళకే తెలుసు.

తర్వాత వాక్యం. రోమా పత్రిక 8వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఎవరికీ అభ్యంతరం లేనివి. మరణమైనను జీవమైనను దేవుని ప్రేమ నుండి మనలను ఎడబాపనేరవు అన్న మాట అక్కడే ఉంది. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్న యోహాను 11వ అధ్యాయం కూడా బాగుంటుంది, యేడాది తిరగని చావైతే అదే చదవండి. 23వ కీర్తన చదివేటట్టయితే ఒక్కరే చదవాలి. కలిసి చదివితే ఒకరు "యెహోవా నా కాపరి" అని, ఒకరు "ప్రభువు నా కాపరి" అని మొదటి మాటకే తడబడతారు.

వాక్యం తర్వాత సాక్ష్యం. ప్రసంగం వద్దు, ఎవర్నీ చెయ్యనివ్వకండి. చనిపోయినవారి వల్ల నాకు ఫలానా మేలు జరిగింది అని ఒక్కొక్కరు ఒక్క సంగతి చెప్పాలి. సమయమంతా దీనికే ఇవ్వండి. మొదటిసారి మా ఆయన ఏం చెప్పారో నాకింకా గుర్తుంది. తనకి జ్వరమొచ్చిన రాత్రి అమ్మ మంచం పక్కన కూర్చుని తెల్లవార్లూ ప్రార్థన చేసిందట, "ఆవిడ బాప్టిస్టు ప్రార్థనే గానీ నేను ప్రతి మాటకీ లోపల ఆమెన్ అన్నాను" అన్నారు. అన్నయ్య తలెత్తి చూశాడు. ఆ సంగతి నాకూ తెలీదు అప్పటి వరకు.

తర్వాత కృతజ్ఞత ప్రార్థన, బాప్టిస్టు వైపు పెద్దవారు చెయ్యాలి. ఆ వెంటనే ఆర్‌సీఎం వాళ్ళు తమ జపం చెప్పుకోవాలి. జపమాల మొత్తం కాకుండా ఒక పదిపూసలు చాలు, మిగిలింది ఇంటికెళ్ళి చెప్పుకోవచ్చు. జపం మొదలయ్యే ముందు ఆ ఇంటి పెద్ద ఒక మాట అనాలి: "ఇది మేం చెప్పుకునే జపం. మీరు చెప్పక్కర్లేదు, మాతో నిలబడండి చాలు." ఈ మాట మర్చిపోకండి. అనకపోతే పక్కనున్నవాళ్ళు నోరు కదపాలో వద్దో తెలీక నేల చూస్తారు. అంటే, హాయిగా నిలబడతారు.

బాప్టిస్టులకి నాదొక మనవి. ఆ పది నిమిషాలూ వేపచెట్టు కిందకి వెళ్ళకండి. పక్కన నిలబడినంత మాత్రాన మీ విశ్వాసానికి లోటు రాదు. ఆర్‌సీఎం వాళ్ళకి కూడా ఒకటి చెప్పాలి. మీ అత్తో మామో బాప్టిస్టుగా చనిపోతే, "పాపం, ఆవిడకి అవస్థాభ్యంగనం అందలేదు" (రోగికి ఫాదర్ గారు నూనె పూసి చేసే ప్రార్థన) అని సమాధి దగ్గర అనకండి. మీకది జాలి మాట. వాళ్ళకి కొరడా దెబ్బ.

పరలోక ప్రార్థన దగ్గర జాగ్రత్త

అందరూ కలిసి చెప్పేది ఇదే కాబట్టి చివర్లో ఉంచండి. ఇది అందరికీ వచ్చు కదా అని మొదలుపెడితే మాత్రం మూడో మాటకే చెదిరిపోతుంది. బాప్టిస్టులు "పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటారు. ఆర్‌సీఎం వాళ్ళు "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడునుగాక" అంటారు. ఒకరికి దేవుడు నువ్వు, ఒకరికి మీరు. చిన్నప్పుడు నాన్నని నువ్వు అన్న ఇల్లు మాది, మీరు అన్న ఇల్లు వాళ్ళది. దగ్గరితనం ఒకటి, గౌరవం ఒకటి, రెండూ తండ్రికి చెల్లేవే.

మేం చేసేది ఇలా. ఒక్క గొంతు కోసం ప్రయత్నించం. ఎవరి మాటలు వాళ్ళు చెబుతాం, కానీ నెమ్మదిగా, ఒక్కో విన్నపం దగ్గర ఆగుతాం. నామం దగ్గర ఒకసారి, రాజ్యం దగ్గర ఒకసారి, చిత్తం దగ్గర, ఆహారం దగ్గర, క్షమాపణ దగ్గర. మా చిన్నమ్మాయి చెయ్యి కొంచెం పైకెత్తుతుంది ఆగాల్సిన చోట. మాటలు వేరైనా విన్నపాల వరస ఒకటే కాబట్టి ఎక్కడా తప్పిపోరు.

చివర ఇంకో మెలిక ఉంది. ఆర్‌సీఎం వాళ్ళు కీడు నుంచి రక్షించమన్న విన్నపంతో ఆమెన్ చెప్పేస్తారు. బాప్టిస్టులకి ఇంకా రాజ్యము, బలము, మహిమ మిగిలి ఉంటుంది. మొదట్లో మా అత్తింటివాళ్ళు ఆమెన్ అనేసి బూట్లు చూసుకుంటుంటే అన్నయ్య వాళ్ళు ఒంటరిగా ఆ ముక్క పూర్తి చేసేవారు. ఇప్పుడు మా అత్తింటివాళ్ళు ఆమెన్ దగ్గర ఆగి, అవతలివాళ్ళు ముగించాక అందరితో కలిపి ఒకేసారి అంటారు. ఆ కాసేపు ఆగడం నేర్పించండి, పిల్లలకి ముఖ్యంగా.

హిందూ చుట్టాలు వస్తే

వస్తారు. మన జిల్లాల్లో సగం ఇళ్ళకి పెదనాన్నలో, మేనమామలో హిందువులే. వాళ్ళు కొబ్బరికాయో అగరుబత్తులో తెస్తే గుమ్మం దగ్గర ఆపేసి అవమానించకండి. "మా పద్ధతిలో కాయ కొట్టం, పూలు పెట్టండి మావయ్యా" అని చేతికి బంతిపూలు అందించండి. కొన్ని యేళ్ళు ఈ పండుగ కార్తీకంలోనే పడుతుంది, దీపాల నెల కాబట్టి కొవ్వొత్తుల సంగతి వాళ్ళకి వివరించక్కర్లేదు. చనిపోయినవారికి ఇష్టమైన వంట సమాధి మీద పెట్టాలని కొందరు అడుగుతారు. ఆ వంట వండండి, పొట్లం కట్టి దారిలో ఆకలితో ఉన్నవారికి ఇవ్వండి. దానధర్మం దగ్గర బాప్టిస్టుకీ, కతోలికుడికీ, హిందువుకీ పేచీ లేదు.

పిల్లలు అడిగితే

"అమ్మమ్మకి మనం మాట్లాడేది వినబడుతుందా?" అని తప్పకుండా అడుగుతారు. రెండు వైపుల వాళ్ళూ ఒకేసారి జవాబు చెప్పకండి. పిల్లవాడి తల్లిదండ్రులు ఏ సంఘమో ఆ సంఘం జవాబు చెప్పాలి, రెండోవాళ్ళు ఊరుకోవాలి. కానీ ఒక మాట ఇద్దరూ చెప్పొచ్చు: అమ్మమ్మ దేవుడి దగ్గర ఉంది, మనమూ దేవుడి దగ్గరే ఉన్నాం, కాబట్టి మనకీ ఆవిడకీ మధ్య ఉన్నది దేవుడే, ఖాళీ కాదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో "పరిశుద్ధుల సహవాసము" అంటే నాకు అర్థమైంది ఇదే. ఆర్‌సీఎం వాళ్ళు ఆ చోట పునీతుల సంబంధం అంటారు. సంబంధం అన్న మాట నాకు ఎక్కువ నచ్చుతుంది. మన దగ్గర సంబంధం కలుపుకోవడమంటే రెండు ఇళ్ళు ఒకటవడం కదా.

అన్నయ్యకి ఒకసారి తొలినాటి సంఘంలో పెద్ద బోధకుడైన అగస్టీను గారి తల్లి మోనికమ్మ సంగతి చెప్పాను. 387లో సొంత ఊరికి దూరంగా, ఇటలీలోని ఓస్తియా రేవులో ఆవిడ చనిపోతూ కొడుకులతో, ఈ శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టినా ఫర్వాలేదు, మీరెక్కడున్నా ప్రభువు బలిపీఠం దగ్గర నన్ను గుర్తుచేసుకోండి చాలు అని అడిగింది. అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. "గుర్తుచేసుకోడం వరకు నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు చివరికి. ఆ తర్వాత నుంచి వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం అమ్మ పేరు మనసులో తలుచుకుంటున్నాడని వదిన నాకు ఫోనులో చెప్పింది.

ఇంటికొచ్చాక

అందరూ ఒకే ఇంట్లో భోంచెయ్యాలి. ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతే చేసిందంతా సగమే. వంట ముందు రోజే సగం చేసి పెట్టుకోండి, ప్రార్థన నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రెండు వైపులా చనిపోయినవారి పేర్లు, ప్రభువునందు నిద్రించిన తేదీలు అందులో రాయండి. మా పుస్తకంలో ఎడమ పేజీ బాప్టిస్టు వైపు, కుడి పేజీ ఆర్‌సీఎం వైపు అని మొదలుపెట్టాం. మూడో యేడు కుడి పేజీ నిండిపోతే మా ఆయన వాళ్ళ చిన్నాన్న పేరు ఎడమ వైపు రాసేశాం, ఎవరూ ఏమీ అనలేదు. పేర్లు చదివే పని చిన్నవాళ్ళకి ఇవ్వండి, తెలియని పేరు దగ్గర ఆగి "ఈయనెవరు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఎవరో ఒకరు కథ చెప్పాల్సి వస్తుంది.

కొబ్బరిచిప్పలు మర్నాడు పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోండి. మైనం గీకి, కడిగి, ఎండబెట్టి మూట కట్టి ఉంచితే మళ్ళీ యేటికి పనికొస్తాయి. మా మూట ఇప్పుడు అన్నయ్య వాళ్ళింట్లో ఉంది, వాడే పట్టుకెళ్ళాడు.